పైన పసుపు, కింద నలుపు: బొమ్మ టాక్సీకి రెండు రంగులు

పిల్లలూ, ఈసారి మన తెలుగు పుటల్లో కథ లేదు, పద్యం లేదు. ఒక పని ఉంది. అంచు, పూత, పొర, పట్టీ, ఆరడం, ఊడడం లాంటి మాటల్ని అర్థాల పట్టికలో చదివితే పరీక్ష అయ్యేదాకా గుర్తుంటాయి. చేతికి రంగు అంటించుకుని నేర్చుకుంటే ఇంకాస్త ఎక్కువకాలం ఉంటాయని నా నమ్మకం. మీలో కొందరికి తెలుగు ఇంట్లో మాట, కొందరికి బడిలో మాత్రమే వినబడే మాట. అందుకని వాక్యాలు వీలైనంత చిన్నవిగా రాస్తున్నాను. పని మాత్రం మరీ చిన్నపిల్లలది కాదు. ఆరో తరగతి, ఆ పైవాళ్లు చేయండి.

పని ఇది. ఒక చిన్న కారు బొమ్మ తీసుకోవాలి. దాని పైకప్పుకు ఒక రంగు, మిగతా ఒంటికి ఇంకో రంగు వేయాలి. రెండు రంగులూ కలిసే చోట గీత బ్లేడుతో కోసినట్టు ఉండాలి. ఒక రంగు ఇంకో రంగులోకి పాకకూడదు. చెయ్యి వణక్కుండా కుంచెతో గీసేస్తే సరిపోతుంది కదా అనుకుంటారు. సరిపోదు. ఏళ్ల తరబడి బొమ్మ కార్లు చేస్తున్న పెద్దవాళ్లు కూడా ఇలాంటి గీతకు చేతిని నమ్ముకోరు. రంగు పడకూడని చోటును ముందు కప్పేస్తారు, తరవాత మిగిలిన చోట రంగు వేస్తారు. అంటే ఆ గీతను గీసేది కుంచె కాదు, కప్పిన పట్టీ అంచు. ఇలా కప్పడాన్ని రంగుల పనివాళ్లు మాస్కింగ్ అంటారు. మనమూ అలాగే అందాం.

ఏ కారు?

రెండు రంగుల కార్లు చాలా దేశాల్లో ఉన్నాయి. నేను మన ముంబయి టాక్సీని ఎంచుకున్నాను. నాన్నగారికో అమ్మగారికో ముంబయి పోస్టింగు పడి, అక్కడ రెండు మూడేళ్లు ఉండి వచ్చినవాళ్లు ప్రతి తరగతిలో ఒకరైనా ఉంటారు. వాళ్లు దాన్ని 'కాలీ పీలీ' అంటారు. నల్లదీ పచ్చదీ అని అర్థం. తెలుగులో పసుపు రంగును కూడా 'పచ్చ' అంటామని, పచ్చని ఆకు అన్నా పచ్చని పసుపు అన్నా అదే మాట వాడతామని ఇక్కడొకసారి గుర్తు చేసుకోండి. హిందీ నుంచి వచ్చిన పిల్లలు ఈ ఒక్క మాట దగ్గర నన్ను చాలా ప్రశ్నలు అడుగుతారు.

ఆ టాక్సీల్లో అందరికీ గుర్తున్నది ప్రీమియర్ పద్మిని. దాని మూలం ఇటలీ కంపెనీ ఫియట్ చేసిన 1100 అనే కారు. ముంబయిలోని ప్రీమియర్ ఆటోమొబైల్స్ కంపెనీ దాన్ని 1964లో ఫియట్ 1100 డిలైట్ అనే పేరుతో మొదలుపెట్టింది. కొద్దికాలం ప్రీమియర్ ప్రెసిడెంట్ అంది. 1974 నుంచి పద్మిని అని పిలిచింది. ముంబయిలో టాక్సీకి 20 ఏళ్లు నిండితే ఇక తిప్పనివ్వరు. ఆ లెక్కన 2023 అక్టోబరు చివర్లో ఆఖరి పద్మిని టాక్సీకి కూడా రోడ్డు మీద పని అయిపోయింది. నలుపు, పసుపు రంగులు మాత్రం వేరే కార్ల మీద ఇంకా తిరుగుతున్నాయి.

పైన పసుపు ఎందుకంటే దూరం నుంచి కనబడాలని, కింద నలుపు ఎందుకంటే బురద మరకలు కనబడకూడదని చెబుతారు. ముంబయి వానల్లో ఒక్కరోజు తిరిగినవాళ్లకు రెండోది వెంటనే అర్థమవుతుంది.

కోల్‌కతా నుంచి వచ్చినవాళ్లు అడుగుతారు, మా ఆంబాసిడర్ టాక్సీ ఎందుకు కాదని. అది ఒళ్లంతా పసుపు. దానికి ఒక్క రంగు చాలు కాబట్టి ఈ పాఠం దానికి పెద్దగా అవసరం లేదు. కోపం తెచ్చుకోకండి.

పద్మిని బొమ్మే దొరకాలని పట్టుబట్టనక్కర్లేదు. నాలుగు తలుపులు, గుండ్రటి మూలలు ఉన్న పాతకాలపు కారు బొమ్మ ఏదైనా సరే. ప్లాస్టిక్‌దైతే సులువు. అడుగున స్క్రూలు ఉంటే ఇంకా మంచిది, అద్దాలు, చక్రాలు, బంపర్లు విప్పి పక్కన పెట్టుకోవచ్చు.

చిన్న బొమ్మ, పెద్ద లెక్క

అసలు పద్మిని పొడవు సుమారు 3.9 మీటర్లు. బొమ్మ కార్లు ఎక్కువగా 1:24, 1:43 స్కేళ్లలో వస్తాయి. 1:24 అంటే అసలు కారులో 24వ వంతు. భాగించి చూడండి, పొడవు 16 సెంటీమీటర్ల పైన కొంచెం వస్తుంది. 1:43 అయితే 9 సెంటీమీటర్ల దగ్గర.

ఇప్పుడు లెక్కను తిరగేయండి. 1:24 బొమ్మ మీద మీ గీత ఒక్క మిల్లీమీటరు వంకర పోయిందనుకుందాం. అసలు కారు మీద అది 24 మిల్లీమీటర్ల వంకర, అంటే దాదాపు ఒక అంగుళం. అలాంటి టాక్సీని ఏ డ్రైవరూ పెయింటరు దగ్గర నుంచి ఇంటికి తీసుకుపోడు. రంగు మందం కూడా అంతే. అసలు కారు మీద రంగు పొరలన్నీ కలిపి మిల్లీమీటరులో పదో వంతుకు కాస్త అటూఇటూ ఉంటాయి. మీరు బొమ్మ మీద అంతే మందం రంగు వేస్తే, 24తో గుణించి చూడండి, పెద్ద కారు మీద రెండున్నర మిల్లీమీటర్ల పూత వేసినట్టు. చపాతీ పరిచినంత. తలుపుల చుట్టూ ఉన్న సన్నని గాడులు పూడిపోయి, బొమ్మ సబ్బు బిళ్లలా కనబడేది అందుకే. కాబట్టి ప్రతి పూతా పలచగా ఉండాలి. ఒక మందపాటి పూత కన్నా మూడు పలచటి పూతలు మేలు.

గీత ఎక్కడ?

టేపు చేతిలోకి తీసుకునే ముందు ఫోటోలు చూడాలి. పక్కనుంచి ఒకటి, ముందునుంచి ఒకటి, వెనకనుంచి ఒకటి. పసుపు ఎక్కడ ఆగింది? కిటికీల పైన ఆగిందా, అద్దాల పక్కనున్న స్తంభాల మీదికి దిగిందా? వెనక అద్దం దగ్గర ఎలా మలుపు తిరిగింది? ఈ చూపుకు అరగంట పట్టినా ఫరవాలేదు. నా లెక్కలో ఈ పనిలో అన్నిటికంటే ముఖ్యమైన అరగంట అదే.

ఈశాన్యంలో నేను పనిచేసిన ఒక బడిలో ఎనిమిదో తరగతి అబ్బాయి ఒకడు ఈ టాక్సీ చేస్తానన్నాడు. ముందు కాగితం మీద బొమ్మ గీసుకు రమ్మన్నాను. గీశాడు. తలుపుల సగం దాకా పసుపు వేశాడు. ఫోటో చూపించాను. తలుపులు నల్లగా ఉన్నాయి, పసుపు పైనే ఉంది. వాడు ఒప్పుకోలేదు. "మేడమ్, నేను రోజూ చూసేవాణ్ని. చాలా పసుపు ఉండేది" అన్నాడు. ఫోటోలోది వేరే టాక్సీ ఏమో అని కూడా అన్నాడు. ఎక్కడ నుంచి చూసేవాడివి అని అడిగాను. ముంబయిలో వాళ్ల క్వార్టరు మూడో అంతస్తులో ఉండేదట. నాన్న వచ్చే వేళకు బాల్కనీలో నిలబడి, కింద ఆగే టాక్సీలు లెక్కపెట్టేవాడట. అప్పుడు వాడికి ఐదేళ్లు. పైనుంచి చూసేవాడికి టాక్సీ అంటే పైకప్పే కదా. నలుపు కనబడేది అంచుల్లో కొంచెమే.

వాడి జ్ఞాపకం అబద్ధం కాదు. ఫోటో కూడా అబద్ధం కాదు. బొమ్మ మాత్రం అన్ని వైపుల నుంచీ చూసేది, కాబట్టి ఫోటో ప్రకారమే చేయాలని చెప్పాను. మొహం ముడుచుకునే చేశాడు. పూర్తయ్యాక దాన్ని నేల మీద పెట్టి, బెంచీ ఎక్కి కిందికి చూశాడు. "ఇప్పుడు సరిగ్గా ఉంది మేడమ్" అన్నాడు. తరగతిలో బెంచీలు ఎక్కకూడదని వాడికి తెలుసు, నాకూ తెలుసు. ఏమీ అనలేదు.

ముందు ఏ రంగు?

ముందు లేత రంగు. ఇక్కడ పసుపు. దాని తరవాతే నలుపు. ఇది అభిరుచి విషయం కాదు. పసుపు రంగు పలచటిది, కింద ఏముందో బయటపెట్టేస్తుంది. నలుపు మీద పసుపు వేస్తే మెరిసే పసుపు రాదు, పాచిపట్టిన ఆకుపచ్చలా ఒక నీరసపు రంగు వస్తుంది. అది పోవాలంటే ఐదారు పూతలు వేయాలి, అప్పుడు మందం సమస్య. నలుపుకు ఆ బాధ లేదు. పసుపు మీద రెండు పలచటి పూతలకే నలుపు నలుపుగా నిలబడుతుంది.

ఈ సంగతి మన తెలంగాణలోని భూదాన్ పోచంపల్లి నేతగాళ్లకు బాగా తెలుసు. వాళ్లు చీర నేసిన తరవాత రంగు వేయరు, నేయకముందే నూలుకు అద్దుతారు. రంగు ఎక్కకూడని చోట నూలును రబ్బరు పట్టీలతో బిగించి కడతారు. లేత రంగులో ముంచి, ఆ లేత రంగు మిగలాల్సిన చోట మళ్లీ కట్టి, ముదురు రంగులో ముంచుతారు. కట్లు విప్పితే రంగులు విడివిడిగా వస్తాయి. మీ టేపూ వాళ్ల రబ్బరు పట్టీ ఒకే పని చేస్తున్నాయి. ఒక తేడా ఉంది. పోచంపల్లి చీరలో రంగుల అంచు కొంచెం చెదిరినట్టు ఉంటుంది, అదే దాని అందం. టాక్సీకి ఆ అందం పనికిరాదు.

తయారీ

దీన్ని తొందరగా చెప్పేస్తాను, ఎందుకంటే ఇందులో ఓపిక తప్ప విద్య లేదు. విప్పిన ఒంటిని గిన్నెలు తోమే సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టండి. వేళ్ల జిడ్డు ఉన్నచోట రంగు నిలవదు. తరవాత సన్నటి ఉప్పు కాగితంతో తేలిగ్గా రుద్దండి. ఉప్పు కాగితం అంటే ఉప్పు పొట్లం కాదు, వడ్రంగులు కర్రను నునుపు చేసే గరుకు కాగితానికి తెలుగులో ఆ పేరు. నంబరు 600 గానీ 800 గానీ అడగండి. తడి చేసి రుద్దితే దుమ్ము లేవదు. మళ్లీ కడిగి, తెల్ల ప్రైమరు ఒక పలచటి పూత. పసుపు కింద తెలుపు ఉంటేనే పసుపు వెలుగుతుంది.

ఇక పసుపు. పైకప్పుకు, దాని చుట్టూ ఇంకో సెంటీమీటరు దాకా వేయండి. గీత దగ్గర ఆగాలని చూడకండి, దాటి పోవాలి. రెండు మూడు పూతలు. స్టేషనరీ షాపులో దొరికే అక్రిలిక్ రంగు, మెత్తటి చదును కుంచె చాలు. స్ప్రే డబ్బా వాడేవాళ్లు ఇంట్లో పెద్దవాళ్లను పక్కన పెట్టుకుని, మూతికి మాస్కు కట్టుకుని, ఆరుబయట వాడండి. క్వార్టర్ల మెట్ల దగ్గర వద్దు. ఎదురింటి ఆంటీ తలుపు మీద పసుపు చుక్కలు పడితే ఈ పాఠం రాసినావిడ ఎవరని అడుగుతారు.

తరవాత ఆగాలి. అక్రిలిక్ అయితే కనీసం ఒక రాత్రి, ఎనామెల్ అయితే కొన్ని రోజులు. ముట్టుకుంటే ఆరినట్టే ఉంటుంది, లోపల ఆరదు. ముక్కు దగ్గర పెట్టి వాసన చూడండి. రంగు వాసన ఇంకా వస్తోందంటే ఆరలేదన్నమాటే. పచ్చి రంగు మీద టేపు అంటిస్తే, టేపుతో పాటు పసుపూ ఊడి వస్తుంది.

టేపు

ఇక్కడ నెమ్మదిగా చదవండి. హార్డ్‌వేర్ దుకాణంలో గోడలకు రంగు వేసేవాళ్లు కొనే మాస్కింగ్ టేపు దొరుకుతుంది. కాగితంలా ఉంటుంది, లేత పసుపుగా ఉంటుంది. పారదర్శకంగా ఉండే మామూలు టేపు వాడకండి, దాని జిగురు రంగు మీద ఉండిపోతుంది.

చుట్ట అంచును నేరుగా వాడకండి. ఆ అంచు షాపులో, సంచిలో, మీ అలమారాలో తిరిగి తిరిగి దుమ్ము పట్టి ఉంటుంది. కంటికి తిన్నగా కనబడినా దానికి సన్నని పళ్లు ఉంటాయి. ఒక గాజు పలక మీద గానీ నున్నటి స్టీలు పళ్లెం వెనకవైపు గానీ టేపు ముక్క అంటించండి. స్టీలు స్కేలు ఆనించి, కొత్త బ్లేడుతో ఒక పక్క కోయండి. ఆ కోసిన కొత్త అంచే మీ గీత. బ్లేడు పని పెద్దవాళ్లు చేస్తే మంచిది, లేదా వాళ్ల కళ్ల ముందు చేయండి. ఒకసారి పళ్లెం మీద అంటించి తీసినందువల్ల జిగురు కొంచెం తగ్గుతుంది. అదీ మనకు లాభమే, పసుపును పీకదు.

ఇప్పుడు ఆ టేపులోంచి రెండు మూడు మిల్లీమీటర్ల సన్నని పట్టీలు కోయండి. ఎందుకు సన్నవి? కారు ఒంట్లో తిన్నని చోటు చాలా తక్కువ. పైకప్పు ముందు వంగుతుంది, వెనక వంగుతుంది, మూలల్లో మలుపు తిరుగుతుంది. వెడల్పు టేపు మలుపులో ముడతలు పడుతుంది. ప్రతి ముడతా రంగు దూరే ఒక సొరంగం. సన్నని పట్టీ మలుపుతో పాటు తిరుగుతుంది. దాన్ని లాగి అంటించకండి. లాగితే ఆ పూటకు బాగానే ఉంటుంది, రాత్రికి తన పొడవుకు తాను ముడుచుకుని అంచు లేస్తుంది. మెల్లగా పరుస్తూ, వేలితో నొక్కుతూ వెళ్లండి.

మనం కప్పేది పసుపును, అంటే పైకప్పును. కాబట్టి పట్టీ కింది అంచు మీ గీత మీద ఉండాలి. పట్టీ చుట్టూ పూర్తయ్యాక బొమ్మను కంటి ఎత్తున పట్టుకుని తిప్పి చూడండి. ఎడమ పక్క గీత, కుడి పక్క గీత ఒకే ఎత్తులో ఉన్నాయా? రెండు పక్కల్నీ విడివిడిగా చూస్తే రెండూ సరిగ్గానే కనబడతాయి. ముందునుంచి చూస్తేనే తేడా దొరుకుతుంది. తేడా ఉంటే ఇప్పుడే పీకి మళ్లీ వేయండి. ఇప్పుడు సరిదిద్దడానికి ఐదు నిమిషాలు, నలుపు వేశాక ఒక సాయంత్రం.

గీత కుదిరాక, పైకప్పులో మిగిలిన భాగాన్ని వెడల్పు టేపుతోనో కాగితం ముక్కలతోనో కప్పేయండి. అక్కడ అందం అవసరం లేదు, సందు లేకుండా ఉంటే చాలు. స్ప్రే వాడేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. కిటికీల్లోంచి రంగు లోపలికి పోయి, పైకప్పు లోపలివైపు నల్లబడుతుంది. లోపల నుంచి కూడా కాగితం ఉండ కుక్కి పెట్టండి.

చివరగా, పట్టీ అంచు పొడవునా పళ్లు కుట్టే పుల్ల పక్కవాటంతో రుద్దండి. మొనతో కాదు, పక్కతో. టేపు అంచు రంగుకు అతుక్కున్న చోట కాస్త ముదురుగా మారుతుంది. లేతగా కనబడే చోట ఇంకా గాలి ఉంది.

రంగు ఎందుకు పాకుతుంది?

సైన్సు పీరియడులో మీరు సన్నని గాజు గొట్టాన్ని నీళ్లలో ముంచి చూసి ఉంటారు. గొట్టంలో నీళ్లు వాటంతట అవే పైకి ఎక్కుతాయి. గొట్టం ఎంత సన్నగా ఉంటే అంత ఎత్తుకు ఎక్కుతాయి. దీన్ని తెలుగు పుస్తకాల్లో కేశనాళికీయత అంటారు. కేశం అంటే వెంట్రుక, నాళిక అంటే చిన్న గొట్టం. వెంట్రుకంత సన్నని గొట్టం చేసే పని అన్నమాట. టేపు కింద మిగిలిన సన్నని సందు కూడా అలాంటి గొట్టమే. అక్కడికి తడి రంగు వచ్చిందంటే, మీరు తోసినా తోయకపోయినా అది లోపలికి పోతుంది. రంగు ఎంత నీళ్లగా ఉంటే అంత సులువుగా పోతుంది.

పుల్లతో ఎంత రుద్దినా కంటికి కనబడని సందులు కొన్ని మిగులుతాయి. వాటిని ఏం చేయాలి? పనివాళ్లు ఒక ఉపాయం చేస్తారు. నాకు ఈ పనిలో అన్నిటికంటే నచ్చినది ఇదే. నలుపు వేసే ముందు, పట్టీ అంచు మీద మళ్లీ పసుపే పలచగా ఒక పూత వేస్తారు. సందుల్లోకి ఏదో ఒక రంగు పాకక తప్పదు కాబట్టి, ముందు పసుపును పాకనిస్తారు. పసుపు కింద పసుపు పాకితే ఎవరికి కనబడుతుంది? అది ఆరి సందుల్ని మూసేస్తుంది. తరవాత వచ్చిన నలుపుకు లోపలికి దారి ఉండదు. రంగులేని వార్నిష్ ఉంటే పసుపు బదులు అది వేసినా ఇదే ఫలితం.

నలుపు, ఆపైన పీకడం

ఉపాయపు పూత ఆరాక నలుపు వేయండి. కుంచెను టేపు మీద మొదలుపెట్టి, కిందికి, తలుపుల వైపుకు లాగండి. కింది నుంచి టేపు అంచులోకి తోయకండి. అలా తోస్తే అంచు దగ్గర రంగు గుట్టగా పేరుకుంటుంది, టేపు తీశాక అక్కడ ఒక గట్టు నిలబడుతుంది. మొదటి పూత చూసి నిరుత్సాహపడకండి. కింద తెలుపు, పసుపు కనబడుతూ గీతలు గీతలుగా, చాలా వికారంగా ఉంటుంది. అది అలాగే ఉండాలి. ఆరనిచ్చి రెండోది, అవసరమైతే మూడోది.

టేపు ఎప్పుడు తీయాలి? నలుపు చేతికి అంటకుండా ఉండాలి, కానీ పూర్తిగా గట్టిపడి ఉండకూడదు. గట్టిపడితే టేపు మీది నల్ల పొర, ఒంటి మీది నల్ల పొర ఒకే రేకుగా కలిసిపోయి, పీకేటప్పుడు అంచు పెచ్చులుగా విరుగుతుంది. అక్రిలిక్‌కు ఆఖరి పూత తరవాత అరగంట నుంచి గంట సరిపోతుంది, మీ ఊరి వాతావరణాన్ని బట్టి. అంతకన్నా ఆలస్యమైతే, పట్టీ అంచు వెంట బ్లేడు మొనతో చాలా తేలిగ్గా ఒకసారి గీసి, అప్పుడు తీయండి.

తీసేటప్పుడు టేపును పైకి లాగకండి. దాన్ని దాని మీదికే మడిచి, దాదాపు ఒంటికి ఆనుకున్నట్టుగా, గీతకు దూరంగా మెల్లగా లాగండి. గాయం మీద ప్లాస్టరు పీకే పద్ధతి ఇక్కడ పనికిరాదు. ఒక్కో పట్టీకి నిమిషం తీసుకోండి.

ఎక్కడైనా నలుపు పసుపులోకి జారి ఉంటే తుడవడానికి పరుగెత్తకండి. తడి గుడ్డ పెడితే చుక్క కాస్తా మేఘం అవుతుంది. మొత్తం ఆరనివ్వండి. పుల్ల మొనను బ్లేడుతో ఉలిలా చెక్కి, నీళ్లలో ముంచి, ఆ నల్ల మచ్చను మాత్రం గీకండి. పోకపోతే అత్యంత సన్నని కుంచెతో పసుపు చుక్క పెట్టండి. అరమీటరు దూరం నుంచి చూసి కనబడకపోతే అక్కడితో వదిలేయండి. భూతద్దం పెట్టి చూస్తే అసలు టాక్సీలో కూడా లోపాలు దొరుకుతాయి.

ఆఖరున రంగులేని వార్నిష్ ఒక పూత. వెండి రంగు పెన్నుతో బంపర్లు, దీపాల చుట్టూ వలయాలు. అద్దాలు, చక్రాలు తిరిగి బిగించండి.

మీ ఊరి గాలి

ఇదే పని అస్సాంలో వానాకాలంలో చేస్తే ఒకలా, రాజస్థాన్‌లో మే నెలలో చేస్తే ఇంకోలా ఉంటుంది. తేమ ఎక్కువగా ఉన్నచోట రంగు ఆరదు. స్ప్రే వార్నిష్ మీద పాలపొరలా తెల్లటి మసక కూడా వస్తుంది. ఎండ కాసిన రోజు చూసుకుని మధ్యాహ్నం వేయండి. పొడి గాలి ఊళ్లలో దీనికి తలకిందులు. అక్రిలిక్ కుంచె మీదే ఎండిపోయి పొట్టుపొట్టుగా అవుతుంది. రంగులో ఒకటి రెండు చుక్కల నీళ్లు కలుపుకుని, పొద్దున్నే పని ముగించండి. ఇసుక ఎగిరే చోట ఆరుతున్న బొమ్మ మీద అట్టపెట్టె బోర్లించాలి. పోయిన ఊళ్లో కుదిరిన లెక్క కొత్త ఊళ్లో కుదరదు. మొదట పాత ప్లాస్టిక్ డబ్బా మూత మీద వేసి, ఎంతసేపట్లో ఆరిందో గడియారం చూసి రాసుకోండి.

బదిలీ ఆర్డరు వస్తే

మీకు ఇది కూడా చెప్పాలి. స్ప్రే డబ్బాలు, థిన్నరు సీసాలు సామాన్లలో సర్దకండి. అవి మండే సరుకు, విమానంలోనూ రైల్లోనూ తీసుకువెళ్లనివ్వరు. మిగిలినవి అక్కడే స్నేహితులకు ఇచ్చేయండి. బొమ్మను మాత్రం మీ చేతి సంచిలో పెట్టుకోండి, లారీకి ఇవ్వకండి. కొత్త రంగుకు కనీసం రెండు మూడు వారాల వయసు ఉండాలి. బుడగల ప్లాస్టిక్‌ను నేరుగా చుడితే ఆ బుడగల గుర్తులు రంగు మీద అచ్చుపడతాయి. న్యూస్‌పేపరు చుడితే సిరా పసుపుకు అంటుకుంటుంది. అమ్మ పాత నూలు చీర ముక్క అన్నిటికంటే మంచిది. చుట్టి, బొమ్మ అటూఇటూ కదలనంత ఇరుకైన చెప్పుల పెట్టెలో పెట్టండి.

ఇంటిపని

ఒకటి: మీరు ఇంతవరకు ఉన్న ఊళ్లలో ఒక ఊరి ఆటో గానీ టాక్సీ గానీ బస్సు గానీ గుర్తు తెచ్చుకుని, ఫోటో చూడకుండా రంగులతో గీయండి. తరవాత ఫోటో చూడండి. ఎక్కడ తేడా వచ్చిందో, మీరు దాన్ని ఎక్కడ నిలబడి చూసేవారో ఐదు వాక్యాల్లో తెలుగులో రాయండి.

రెండు: ఆ బండి పొడవు కనుక్కుని, 1:24లో, 1:43లో ఎంత ఉంటుందో లెక్క కట్టండి.

మూడు: 'అంచు' అనే మాట చీరకు, బల్లకు, ఊరికి, గీతకు వాడతాం. ఒక్కోదానికి ఒక్కో వాక్యం. ఇంట్లో పెద్దవాళ్లను అడిగితే ఇంకో రెండు వాడుకలైనా దొరుకుతాయి. అవీ రాసి తీసుకురండి.